కరువుకు కొలబద్ద

కరువుకు జనం పెట్టే పేరు వేరు, ప్రభుత్వం పెట్టే పేరు వేరు. 1832–33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన నందన కరువును జనం డొక్కల కరువు అన్నారు. 1876–78 నాటి ఘోరానికి ధాత కరువు అన్న పేరు నిలిచింది. దొరతనం దానిని మద్రాసు క్షామమని కాగితాల కెక్కించి, పౌన్లతోను అణాలతోను కొలిచింది. ఆకలిని కొలిచే అధికారం ఎవరి చేతిలో వుంటుందో, ఎవరు బతకాలో తేల్చే అధికారం కూడా వారి చేతిలోనే వుంటుంది. ధాత కరువును మళ్ళీ తలుచుకోవలసింది ఇందుకే.

1876లో వానలు లేవు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయాయి. అయితే పైరు ఎండడంతోనే మనిషి చావడు. పొలంలో పని ఆగిపోతుంది, కూలి రాదు, కూలి లేనివాడికి అంగట్లో గింజ వున్నా లేనట్లే. రైతు బట్ట కొనడు కనుక సాలెవాని మగ్గం కూడా ఆగిపోతుంది. అప్పటికే, 1871లోనే, మద్రాసు రైలు రాయచూరు దాకా వచ్చింది. బెంగాలు, బర్మాల నుంచి ఓడల మీద ధాన్యమూ వచ్చింది. కాని గింజ ధర వున్న చోటికి పోతుంది గాని ఆకలి వున్న చోటికి పోదు. ఆ కరువు ఏళ్ళలోనే ఇండియా నుంచి ఇంగ్లండుకు గోధుమల ఎగుమతి సాగుతూ వచ్చింది. వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టరాదన్న సూత్రం ఆనాటి పాలకులకు వేదవాక్యం.

1877 జనవరి 1న లిట్టన్ ప్రభువు ఢిల్లీలో దర్బారు చేసి విక్టోరియాను చక్రవర్తినిగా చాటించాడు. ఆ నెలలోనే అతని ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి బయలుదేరాడు. ఈ టెంపుల్ కథ విచిత్రమైనది. 1873–74లో బీహారు కరువు వచ్చినప్పుడు అతడే బర్మా బియ్యం తెప్పించి జనాన్ని కాపాడాడు. చావులు చాలా తక్కువ. దానికి దక్కిన బహుమానం దుబారాకోరు అన్న నింద! ఒకసారి ప్రాణాలు నిలిపి మాటపడిన అధికారి, రెండవసారి ఖజానాను నిలపడానికి పూనుకున్నాడు.

అతడు తెచ్చిన కొలత ఇది: కరువు పనిలో రోజంతా రాళ్ళు కొట్టి మట్టి మోసే మగవానికి ఒక పౌను గింజలు, అంటే మన లెక్కలో సుమారు 450 గ్రాములు, ఆ పైన ఉప్పూ మిరపకాయలకు కొద్దిపాటి చిల్లర. ఆడవారికీ పిల్లలకూ అంతకన్న తక్కువ. ఆ పని కూడా ఇంటి దగ్గర దొరకరాదు. పది మైళ్ళు నడిచి రాగలిగినవాడే నిజంగా ఆకలిగొన్నవాడని వారి తర్కం. నడవలేక దారిలో పడిపోయినవాడు ఆ పరీక్షలో తప్పినట్లు.

మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. జైలులో ఖైదీకి పెట్టే తిండి కూడా దీనికంటె మెరుగని, ఇంత తిండితో కష్టం చేయించడం మనిషిని మెల్లగా చంపడమేనని అతని వాదన. ఖజానా అడిగే ప్రశ్న ‘ఎంత తక్కువ పెడితే ఈ పూట చావడు?’ అని. వైద్యుడు అడిగే ప్రశ్న ‘ఎంత పెడితే బతుకుతాడు?’ అని. గవర్నరు బకింగ్‌హామ్ కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. కాని అప్పటికే శుష్కించిన దేహాలను కలరా, విరేచనాలు, ఆ తరువాత జ్వరాలు తీసుకుపోయాయి. కాగితం మీద అవి జబ్బు చావులు. మొత్తం మీద ఆ కరువులో 50 లక్షలకు పైగా జనం నశించారు.

కొలతే తప్పు అనుకోరాదు. 1876లోనే దాదాభాయి నౌరోజీ భారతదేశ దారిద్ర్యం మీద తన పత్రం చదివాడు. సగటు భారతీయునికి ఏడాదికి దక్కేది 20 రూపాయలని లెక్క తేల్చి, ఖైదీకీ వలస కూలీకీ సర్కారు తానే నిర్ణయించిన తిండికైనా అది చాలదని చూపాడు. అదే జైలు కొలత! టెంపుల్ కొలత పేదవాని మీద తీర్పు. నౌరోజీ కొలత పాలకుని మీద నేరారోపణ.

1880లో క్షామ కమిషను కూడా ఒక నిజం ఒప్పుకున్నది: కరువులో మొదట పోయేది కూలీల పని. 1883లో క్షామ నిబంధనావళి వచ్చింది. కాని అది అధికారి చేతి పుస్తకమే గాని ఆకలిగొన్నవాని చేతి హక్కు కాలేదు. అందుకే 1943లో బెంగాలులో సుమారు 30 లక్షల మంది చనిపోతున్నా, ఆ నిబంధనావళి కింద కరువు వచ్చిందని ప్రభుత్వం ప్రకటించనే లేదు. ప్రకటిస్తే తిండి పెట్టే బాధ్యత మీద పడుతుంది.

నేటి ప్రపంచంలో కొలత మరింత శాస్త్రీయమైంది. 20 శాతం కుటుంబాలు తిండి బొత్తిగా లేని స్థితికి చేరి, పిల్లల్లో 30 శాతం తీవ్ర పోషకాహార లోపంతో కృశించి, రోజుకు 10,000 మందిలో ఇద్దరు ఆకలితోను దానికి తోడైన జబ్బులతోను చనిపోతుంటే, అది క్షామమని అంతర్జాతీయ సంస్థలు నిర్ణయిస్తాయి. ఈ కొలత అవసరమే. కాని సోమాలియాలో 2011 జూలైలో క్షామం ప్రకటించేనాటికి, చనిపోయినవారిలో దాదాపు సగం మంది అప్పటికే పోయారు. 2024లో సూడానులోని జంజం శిబిరంలోను, 2025 ఆగస్టులో గాజాలోను క్షామం నిర్ధారణ అయింది. ఆ రెండు చోట్లా మొహం చాటేసింది వాన కాదు. యుద్ధం దారులను మూసింది. తిండి రాకుండా అడ్డుపడే చేయే లెక్క తీసేవారినీ అడ్డగించగలదు. 2024లో 53 దేశాలలో 29 కోట్లకు పైగా జనం తీవ్రమైన ఆకలిలో వున్నారని లెక్క తేలింది. లెక్క తేలడం వేరు, గింజ చేరడం వేరు.

కనుక చరిత్ర చదివేవారు అడగవలసింది ‘ఎన్ని గింజలు పండాయి?’ అన్న ఒక్క ప్రశ్నే కాదు. ‘గింజ మీద ఎవరికి హక్కు వుంది? ఆకలిని ఎవరు కొలిచారు? ఎప్పుడు కొలిచారు?’ అని కూడా అడగాలి. మన దేశంలో 2013 నాటి చట్టం తిండిని హక్కుగా గుర్తించింది. ధాత కరువు నాటికి లేని మాట అది. ఆ మాట చట్టంలో వున్నంత మాత్రాన చాలదు. అడిగే గొంతు జనానికి వుండాలి. కరువుకు డొక్కల కరువని పేరుపెట్టినవారికి కొలత తెలియక కాదు. తమ డొక్కలనే కొలబద్దగా చూపించారు వారు. ఆ కొలతను కాగితాల కెక్కించే పని మాత్రం ఇంకా మిగిలే వుంది.