తెలుగు టైటాన్స్: రెండు రాష్ట్రాల కబడ్డీ జట్టు

తెలుగు టైటాన్స్ ప్రో కబడ్డీ లీగులో ఆడే జట్టు. 2014లో లీగు మొదలైనప్పుడు బరిలోకి దిగిన ఎనిమిది జట్లలో ఇదొకటి. వీరా స్పోర్ట్స్ సంస్థ దీని యజమాని. జైపూర్, పట్నా, బెంగళూరు, ఢిల్లీ జట్లు తమ ఊళ్ల పేర్లు పెట్టుకుంటే ఇది భాష పేరు పెట్టుకుంది. 2025 నాటికి పన్నెండు సీజన్లు ఆడినా ఒక్కసారీ ఫైనల్ చేరలేదు. అలాంటి జట్టును ఇంతకాలం పట్టుకుని ఉన్న అభిమానుల కథ, ఆటగాళ్ల కథ కంటే తక్కువదేమీ కాదు.

జట్టు పుట్టిన సమయాన్ని గుర్తు చేసుకోవాలి. 2014 జూన్ 2న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలుగా రెండయింది. జూలై 26న లీగు మొదలైంది. నీళ్లు, ఉద్యోగాలు, ఆస్తుల పంపకాల మీద ఇరుపక్కలా మాటలు వేడిగా ఉన్న ఆ రెండు నెలల్లోనే రెండు రాష్ట్రాలూ తమదనుకోదగ్గ జట్టు ఒకటి టీవీలో కనిపించింది. ఈ సంగతి సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇంకా బాగా అర్థమవుతుంది. తిరువూరు పక్కనున్న గంపలగూడెం అప్పట్లో కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. అటు పక్కనే ఖమ్మం జిల్లా మధిర. గీత ఇటున్నా అటున్నా పెళ్లి సంబంధాలు, సంతలు, సంక్రాంతి కబడ్డీ పోటీలు కలిసే సాగే ప్రాంతం అది. అక్కడి కుర్రాళ్లకు ఈ జట్టు ఏ రాష్ట్రానిదన్న ప్రశ్నే రాదు.

పల్లెల్లో చెడుగుడుగా ఆడిన ఆటే ఇది. మట్టి పోయి మ్యాట్ వచ్చింది, గోచి కట్టే రోజులు పోయి జెర్సీలు వచ్చాయి. ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు, పక్షానికి ఏడుగురు, రెయిడ్‌కు 30 సెకన్లు. వరుసగా రెండు రెయిడ్లు ఖాళీగా తిరిగొస్తే మూడోది ‘డూ ఆర్ డై’. ఆ రెయిడ్‌లో పాయింటైనా తేవాలి, లేదా ఔటై బయటికైనా పోవాలి. స్టేడియంలో కూర్చున్నవాళ్లు అందరికంటే ముందు లేచి నిలబడేది ఈ రెయిడ్‌కే. కూత ఆగకూడదు, గడియారం ఆగదు, ఎదురుగా ఏడుగురు చేతులు కలిపి మూలకు తోస్తుంటారు.

ఆ క్షణాల్లో తెలుగువాళ్లు నమ్ముకున్న పేరు రాహుల్ చౌదరి. ఊరు ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్. తెలుగు గడ్డతో అంతకుముందు సంబంధం లేనివాడు. పరుగు తీస్తూనే చెయ్యి చాచి డిఫెండర్‌ను తాకి, ఒళ్లు తిప్పి గీత దాటేయడం అతని ప్రత్యేకత. నాలుగో సీజన్‌లో లీగులోకెల్లా ఎక్కువ రెయిడ్ పాయింట్లు అతనివే. 500 రెయిడ్ పాయింట్లు దాటిన మొదటి ఆటగాడూ అతనే. ఆరు సీజన్లు టైటాన్స్‌కే ఆడి, 2019లో తమిళ్ తలైవాస్‌కు వెళ్లాడు. దీపక్ హుడా, సుకేశ్ హెగ్డే, ఇరాన్ నుంచి మెరాజ్ షేక్, అబోజర్ మిఘానీ కూడా ఈ జెర్సీ వేసుకున్నవాళ్లే. తెలుగు పేరున్న జట్టులో తెలుగు ఆటగాళ్లు తక్కువే ఉండటం నిజంగా లోటే. అయినా జనం ఆటను చూశారు, ఊరు అడగలేదు.

కప్పుకు దగ్గరగా వచ్చిన ఏళ్లు మొదట్లోనే ఉన్నాయి. 2015 సెమీఫైనల్‌లో బెంగళూరు బుల్స్ 39, టైటాన్స్ 38. ఒక్క పాయింటు! ఆ తర్వాత పట్నాను 34-26తో ఓడించి మూడో స్థానం తెచ్చుకుంది. 2016 నడివేసవి దాటాక మరో అవకాశం వచ్చింది. నాలుగో సీజన్ సెమీఫైనళ్లు, ఫైనల్ హైదరాబాద్ గచ్చిబౌలిలోనే. సొంత జనం ముందే జైపూర్ చేతిలో 24-34తో ఓడింది. రెండు రోజుల తర్వాత అదే స్టేడియంలో పట్నా కప్పు ఎత్తింది.

ఇక స్టేడియానికి వెళ్లి చూసే సంగతి. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో జట్టు సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడితే, అందులో 81 సొంత ఊళ్లోనే. షికాగో కబ్స్ అభిమానులు 1908 నుంచి 2016 దాకా 108 ఏళ్లు కప్పు లేకుండానే సొంత మైదానానికి వెళ్తూనే ఉన్నారు. టైటాన్స్ అభిమానికి ఆ వెసులుబాటు లేదు. లీగు ఒక ఊరి నుంచి మరో ఊరికి తరలిపోతూ ఉంటుంది. చాలా సీజన్లలో సొంత ఊరి వంతు వారం రోజుల్లోనే ముగిసేది. పైగా ఈ జట్టు సొంత ఊరు కూడా మారుతూనే ఉంది. 2014లో విశాఖపట్నం, 2015లో గచ్చిబౌలి, 2016 మొదట్లో మళ్లీ విశాఖ, ఆ తర్వాత హైదరాబాద్, 2018లో తిరిగి విశాఖ. గంపలగూడెం లాంటి ఊరి నుంచి చూస్తే రెండూ దూరమే. సెలవు పెట్టుకుని, బస్సు పట్టుకుని, రాత్రి మ్యాచ్ అయ్యాక మళ్లీ బస్టాండుకు చేరుకునే ప్రయాణమది. విశాఖవాళ్లయితే 2018 తర్వాత ఏడేళ్లు ఎదురుచూశారు.

ఆ ఏడేళ్లలోనే జట్టు పూర్తిగా కుదేలైంది. కరోనా వల్ల 2021-22 సీజన్ మొత్తం బెంగళూరులోని ఒక హోటల్లో, ప్రేక్షకులు లేకుండా జరిగింది. 22 మ్యాచ్‌లలో టైటాన్స్ గెలిచింది ఒకటే. 2022లో రెండు. 2023లో రెయిడర్ పవన్ సెహ్రావత్‌ను వేలంలో రూ. 2.605 కోట్లకు కొన్నారు. లీగు చరిత్రలో అప్పటికి అదే అతిపెద్ద ధర. ఆ సీజన్‌లోనూ రెండే విజయాలు. మూడు సీజన్లు కలిపి 66 మ్యాచ్‌లలో ఐదు గెలుపులు. ఒక్క రెయిడర్‌ను నమ్ముకుని డిఫెన్స్‌ను గాలికొదిలేస్తే ఏమవుతుందో ఆ లెక్కే చెబుతుంది. పవన్ పాయింట్లు తెస్తుంటే వెనక కార్నర్ డిఫెండర్లు వాటిని ఇచ్చేస్తుండేవారు.

2024 అక్టోబర్ 18న పదకొండో సీజన్ గచ్చిబౌలిలోనే మొదలైంది. కోచ్ కృషన్ కుమార్ హుడా. తొలి మ్యాచ్‌లోనే బెంగళూరు మీద 37-29తో గెలుపు. ఆ సీజన్‌లో పన్నెండు మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానంలో ఆగింది. ఆ ఏడు ప్లేఆఫ్స్‌కు వెళ్లింది ఆరు జట్లే. మరుసటి ఏడు ఆగస్టు 29న లీగు విశాఖకు తిరిగొచ్చింది. ఆ రోజు తమిళ్ తలైవాస్ చేతిలో 35-38తో ఓడినా, విజయ్ మలిక్ కెప్టెన్‌గా, భరత్ హుడా రెయిడింగ్‌తో జట్టు తేరుకుంది. ప్లేఆఫ్స్‌లో బెంగళూరును, పట్నాను ఓడించి రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లింది. అక్కడ పుణేరి పల్టన్ 50-45తో గెలిచింది. 2016 తర్వాత టైటాన్స్ ఫైనల్‌కు అంత దగ్గరగా వెళ్లడం అదే మొదటిసారి.