యేవలా నుంచి నాగపూర్‌కు 21 ఏళ్లు

హిందువుగా చావనని బాబాసాహెబ్ యేవలాలో ప్రకటించింది 1935 అక్టోబరు 13న. నాగపూర్ దీక్ష 1956 అక్టోబరు 14న. ఇంత ఆలస్యమా అని కొందరు అడుగుతుంటారు. మేము దాన్ని ఆలస్యం అనం. 1936లో బొంబాయిలో మహర్ల సభ పెట్టి మతం ఎందుకు మారాలో జనానికి విడమరిచి చెప్పారు. 1950లో శ్రీలంక, 1954లో రంగూన్ వెళ్లారు. ఈ మధ్యలోనే, హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగకపోతే న్యాయశాఖ మంత్రి పదవినే వదిలేశారు.

దీక్ష రోజున చంద్రమణి భంతే దగ్గర ముందు తాను, సవితమ్మ త్రిశరణ పంచశీలాలు స్వీకరించారు. ఆ తర్వాతే లక్షల మందికి దీక్ష ఇచ్చి, 22 ప్రతిజ్ఞలు చేయించారు. అబద్ధమాడను, దొంగిలించను, మద్యం ముట్టను అన్నవీ అందులో ఉన్నాయి. మన విహారాల్లో ఆ ప్రతిజ్ఞలు గోడల మీద బాగానే కనబడతాయి. సంఘాల పదవులకు మనిషిని ఎంచుకునేటప్పుడు మాత్రం వాటిని ఎవరూ అడగరు.