ఏడు మాటల్లో నాలుగే

గుడ్ ఫ్రైడే నాడు విశాఖ చర్చిల్లో మిట్టమధ్యాహ్నం నుంచి మూడింటి దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు సాగుతాయి. తెలుగులో తొలిసారి అచ్చయిన సువార్తల్లో ఆ ఏడింటిలో నాలుగే ఉన్నాయి. ఆ తర్జుమా జరిగింది ఈ ఊళ్లోనే. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ నా మనసంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

1812లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో అచ్చయినవి మత్తయి, మార్కు, లూకా. యోహాను లేదు. తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట, దాహం మాట, అంతా ముగిసిందన్న మాట యోహాను ఒక్కడే రాశాడు. ఎండలు ముదిరే వేళకు వచ్చే పండుగ ఇది. విశాఖ ఉక్కపోతలో కూర్చుని వింటున్నవాళ్లకి అందరికన్నా బాగా తెలిసిన మాట దాహమే కదా. అదే ఆ పుస్తకంలో లేదు!

లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. అప్పటికి ఇప్పటి ఓడరేవు లేదు, ఉక్కు ఊసే లేదు. తెలుగు నేర్చుకుంటూనే తర్జుమాకు పూనుకున్నారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన ఆనందరాయర్ వచ్చి చేరాకే ఆ పని గాడిలో పడింది. కానీ 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ కన్నుమూశారు. తమ శ్రమ అచ్చులో ఎలా ఉందో ఇద్దరూ చూడలేదు. 1812 మార్చి 11న శ్రీరాంపురం ముద్రణాలయం కాలిపోయింది. ఆ ఏడు ఈస్టర్ మార్చి 29న వచ్చింది. అంటే మంటలు లేచింది సరిగ్గా ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమకాలంలో. అయినా సువార్తలు ఆ ఏడాదే బయటికొచ్చాయి.

అంతకు చాలా ముందే మద్రాసులో బెంజమిన్ షుల్జ్ బైబిలును తెనిగించాడు గానీ, అది అచ్చుకు నోచుకోలేదు. విశాఖలో డెస్ గ్రాంజెస్ వదిలిన పనిని ఎడ్వర్డ్ ప్రిట్చెట్ అందుకున్నాడు. అతని కొత్త నిబంధన 1818లో మద్రాసులో అచ్చయింది. మిగిలిన మూడు మాటలూ అందులో చేరాయి.

అసలు ఈ మూడు గంటల ఆరాధన పుట్టింది పెరూలో. లిమా నగరంలో అలోన్సో మెసియా అనే జెస్యూట్ గురువు దీన్ని మొదలుపెట్టాడంటారు. సముద్రాలు దాటి, కేథలిక్కుల నుంచి ప్రొటెస్టెంట్లకు పాకి, చివరికి మన సంఘాల దాకా వచ్చింది. క్రాన్, డెస్ గ్రాంజెస్‌ల సంప్రదాయంలో మాత్రం నలభై రోజుల శ్రమకాలం పాటింపే లేదు. విశాఖకు భస్మ బుధవారపు బూడిదను, సిలువ మార్గాన్ని బలంగా తెచ్చింది 1846 నుంచి ఇక్కడికి వచ్చిన ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ గురువులు. మట్టల ఆదివారం ఊరేగింపులు ఇప్పుడు అందరివీ అయ్యాయి.

నన్ను బాధపెట్టేది ఒక్కటే. ఆ తొలి తర్జుమా భాష తరవాతి సవరణల కింద కనుమరుగైంది. మిషనరీల పేర్లయినా చరిత్ర పుస్తకాల్లో మిగిలాయి. ఒక్కో మాటకు ఒక్కో ప్రసంగికుణ్ణి పిలిచే మన సంఘాలు, ఆ నాలుగు మాటలకు తెలుగు వెతికిన ఆనందరాయర్ పేరును ఏ గుడ్ ఫ్రైడే నాడైనా పలకాలి. కనీసం ఆయన పనిచేసిన ఈ ఊళ్లోనైనా.