హుకుంపేట మన్యంలో క్రైస్తవ విశ్వాసం: 'కాపుదల' భావన – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవుల ప్రార్థనాభాషలో తరచుగా వినిపించే పదాలలో 'కాపుదల' ఒకటి. ప్రయాణానికి బయలుదేరేవారికీ, పురిటికి వెళ్లే ఆడబిడ్డకూ, జ్వరంతో పడకమీదున్న పసివానికీ విశ్వాసులు ముందుగా కోరేది దైవకాపుదలనే. వేదాంతగ్రంథాలు ఈ భావాన్ని దైవపాలన, దైవసంరక్షణ అనే పేర్లతో చర్చిస్తాయి. అయితే ఒక విశ్వాసం జనజీవితంలో ఎలా నిలిచిందో తెలుసుకోవడానికి గ్రంథాలలోని నిర్వచనాలు చాలవు. ఆ విశ్వాసం ఏ మాటల్లో, ఏ నేలమీద, ఏ భయాల నడుమ పలికిందో కూడా చూడాలి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని హుకుంపేట మన్యాన్ని, దాని చుట్టూ ఉన్న తూర్పుకనుమల ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని కాపుదల భావన చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కాపుదల అంటే ఆపద రాకపోవడమా, ఆపదలో తోడుండటమా అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న. మన్యంలో ఈ ప్రశ్నకు చెప్పుకొనే సమాధానాన్ని బట్టి ఒక రోగి ప్రాణం, ఒక ఊరి ఐకమత్యం ఆధారపడి ఉంటాయి.

స్థలం, సమాజం

హుకుంపేట పాడేరు–అరకు మార్గంలో ఉన్న మండలకేంద్రం. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇది రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం. భగత, కొండదొర, వాల్మీకి, ఖోండు, పోర్జా, కోటియా మొదలైన తెగలు ఈ మన్యంలో తరతరాలుగా నివసిస్తున్నాయి. తెలుగుతోపాటు ఆదివాసి ఒడియా, కువి, కుపియా భాషలు ఇక్కడి సంతల్లో కలగలిసి వినిపిస్తాయి. కొండవాలు పోడు, లోయలో వరిమడి, చోడి, సామ, వలిసె పంటలు, ఇటీవలి తరాలలో కాఫీ, మిరియం ఇక్కడి జీవనాధారాలు.

ఈ సమాజంలో రక్షణ అనేది మొదటినుంచీ కొండతో, అడవితో, నేలతో ముడిపడిన విషయం. మంచిచెడు గడియలను చెప్పేవాడు దిసారి. రోగానికి కారణమైన శక్తిని గుర్తించి శాంతింపజేసేవాడు గురువు. చైత్రమాసంలో వచ్చే ఇటికల పండుగ విత్తనానికీ వేటకూ సంబంధించింది. పంట చేతికొచ్చినపుడు కొత్తల పండుగ చేసి, దేవతకు సమర్పించిన తరువాతే కొత్తధాన్యం ముట్టుకుంటారు. పాడేరు మోదకొండమ్మ జాతరకు మన్యమంతా కదలివస్తుంది. ఈ ఆరాధనను కేవలం భయంనుంచి పుట్టినదిగా చిత్రించడం కొందరు మిషనరీల రచనల్లో కనిపించే లోపం. కొత్తల పండుగలో కృతజ్ఞత ఉంది, పంచుకోవడం ఉంది. దేవతకూ ఊరికీ మధ్య ఒక బాంధవ్యం ఉంది. ఆ బాంధవ్యాన్ని నిలబెట్టే మార్గం మొక్కు. క్రైస్తవ కాపుదల భావన ఈ నేపథ్యంలోకే ప్రవేశించింది.

పదచరిత్ర

కాపు, కాపరి, కాపలా, కాపాడు, కాపుదల అనే మాటలన్నీ 'కాచు' అనే ద్రావిడ ధాతుకుటుంబానికి చెందినవి. పంటను కాచుట, పశువును కాచుట, ఇంటిని కాచుట అనే వాడుకలు తెలుగు పల్లెజీవితంలో అతిప్రాచీనం. రాత్రిపూట మంచెమీద కూర్చొని, నెగడు రాజేసి, అడవిపందులనుంచి చేనును కాచే మన్యపు రైతుకు ఈ మాటకు నిఘంటువు అక్కరలేదు. కాపున్నవాడు నిద్రపోతే చేను దక్కదు.

క్రైస్తవ తెలుగులో 'రక్షణ' అనే సంస్కృతపదం మరొక దారి పట్టింది. అది క్రమంగా పాపంనుంచి విమోచన అనే పారిభాషికార్థంలో స్థిరపడింది. గ్రీకు మూలంలో స్వస్థపరచడం, ఆపదనుంచి తప్పించడం, ఆత్మను రక్షించడం అనే మూడర్థాలనూ ఒకే క్రియ మోస్తుంది. మార్కు సువార్త ఐదవ అధ్యాయంలో రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథలో ఆ క్రియే ఉంది. తెలుగు అనువాదం అక్కడ 'స్వస్థపరచు' అనే మాట వాడింది. ఆత్మసంబంధమైన సందర్భాల్లో 'రక్షించు' వాడింది. మూలంలో ఒకటిగా ఉన్న అర్థం తెలుగులో రెండుగా విడిపోయింది. ఆత్మకు సంబంధించినది 'రక్షణ' అయితే, దేహానికీ ఇంటికీ దారికీ సంబంధించిన దైనందిన రక్షణను తెలుగు విశ్వాసులు 'కాపుదల' అన్నారు. వేదాంతపాఠంలో మొదటిది ప్రధానం కావచ్చు. నిత్యప్రార్థనలో మాత్రం రెండవదే ముందు పలుకుతుంది.

జ్వరం, మరణం, విశ్వాసం

ఉత్తరాంధ్రలో ప్రొటెస్టెంటు మిషన్ చరిత్ర 1805లో మొదలయింది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, ఆగస్టస్ డేగ్రాంజ్ ఆ ఏడు విశాఖపట్నం చేరారు. ఆనందరాయర్ సహాయంతో సువార్తలను తెలుగు చేయసాగారు. అయితే క్రాన్ 1809లోనూ, డేగ్రాంజ్ 1810లోనూ మరణించారు. వారు తెలుగు చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యేనాటికి ఇద్దరూ లేరు. దైవకాపుదలను గురించిన మాటలను తెలుగులోకి తెచ్చినవారే నాలుగైదేళ్లలో కన్నుమూశారన్న వాస్తవం ఈ భావనచరిత్రకు ఆరంభంలోనే ఎదురుపడుతుంది. వారి తరువాత వచ్చినవారు దీనిని కాపుదల లోపంగా లెక్కించి వెనుదిరగలేదు. 19వ శతాబ్ది మధ్యకాలంలో అదే విశాఖలో జాన్ హే, వార్డ్‌లా బైబిలు అనువాదాన్ని కొనసాగించారు. కాథలిక్కులలో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన గురువులు 1846లో ఈ తీరానికి వచ్చారు.

కొండల్లోకి వెళ్లినవారికి జ్వరమే మొదటి పరీక్ష. మన్యపు జ్వరం అన్న పేరు వింటేనే మైదానపు ఉద్యోగులు భయపడే రోజులవి. జర్మనీలోని బ్రెక్లుమ్‌లో 1876లో ఏర్పడిన ష్లెస్విగ్–హోల్‌స్టైన్ లూథరన్ మిషన్ వారు 1880వ దశకం ఆరంభంలో కోరాపుట్, సాలూరు ప్రాంతాలకు వచ్చారు. మలేరియా దోమద్వారా వ్యాపిస్తుందన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. రొనాల్డ్ రాస్ సికిందరాబాదులో దోమకడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది 1897 ఆగస్టులో. అంటే ఆ తొలిదశలో చెడుగాలి వల్ల జ్వరం వస్తుందని నమ్మిన మిషనరీకి గానీ, దేవత కోపం వల్ల వస్తుందని నమ్మిన గిరిజనునికి గానీ అసలు కారణం తెలియదు. ఇద్దరికీ తెలిసింది జ్వరం ఒక్కటే. ఒకరి దగ్గర క్వినైనూ ప్రార్థనా ఉన్నాయి. రెండవవారి దగ్గర వనమూలికా మొక్కూ ఉన్నాయి. మన్యంలో రెండు విశ్వాసాలు మొదట ఎదురుపడింది రోగిపడక దగ్గర అన్నది ఇక్కడ గమనించదగిన అంశం.

మొదటి ప్రపంచయుద్ధకాలంలో భారతదేశంలోని జర్మన్ మిషనరీలను ప్రభుత్వం నిర్బంధించింది. కాపరులు పోయినా మంద చెదరలేదు. 1928లో జయపురం ఎవాంజెలికల్ లూథరన్ సంఘం స్వతంత్రవ్యవస్థగా రూపొందింది. కాపుదల కాపరి వ్యక్తిలో లేదన్న పాఠం ఈ సంఘాలకు గ్రంథం ద్వారా కాక అనుభవం ద్వారానే అందింది.

మాతృభాషలో విశ్వాసం

భయం మాతృభాషలో పలుకుతుంది కాబట్టి ధైర్యం కూడా మాతృభాషలోనే పలకాలి. మన్యంలో పనిచేసిన మిషనరీలు దీనిని త్వరగానే గుర్తించారు. బ్రెక్లుమ్ మిషన్‌కు చెందిన షుల్జ్ 1911లో కువి వ్యాకరణాన్ని, 1913లో కువి పదకోశాన్ని వెలువరించారు. ద్రావిడ భాషాశాస్త్రానికి ఇవి నేటికీ విలువైన ఆధారాలు. స్వాతంత్ర్యానంతరం అరకు ప్రాంతంలోని చిన్నభాషలపై విస్తృతమైన పని జరిగింది. మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ 1973లో కుపియా ధ్వనివిధానంపై ఒక పుస్తకాన్నీ, 1989లో ఊవె గుస్తాఫ్సన్ కూర్చిన ఆదివాసి ఒడియా–తెలుగు–ఆంగ్ల నిఘంటువునూ ప్రచురించింది. ఆదివాసి ఒడియాకు ఈ ప్రాంతంలో తెలుగులిపినే వాడటం వల్ల, అక్షరం నేర్చిన గిరిజనునికి తన భాషా రాజ్యభాషా ఒకే లిపిలో అందాయి. సంతలో తూకం చదవగలగడం, అప్పుపత్రం మీద వేలిముద్రకు బదులు సంతకం పెట్టగలగడం కూడా ఒకరకమైన కాపుదలే.

కొండలవైపు చూపు

కాపుదల భావనకు బైబిలులో ముఖ్యాధారాలు 23, 91, 121వ కీర్తనలు. వీటిలో హుకుంపేట పరిసరాల్లో ప్రత్యేకార్థం సంతరించుకొనేది 121వ కీర్తన. యెరూషలేము యాత్రికుల పాటగా పేరొందిన ఈ రచనలో భక్తుడు కొండలవైపు కన్నులెత్తి, తనకు సహాయం ఎక్కడనుంచి వస్తుందని ప్రశ్నించుకుంటాడు. ఎనిమిది చరణాల ఈ కీర్తనలో కాచుట అనే అర్థం గల హీబ్రూ ధాతువు ఆరుసార్లు వస్తుంది. తెలుగు అనువాదం దానికి 'కాపాడు' అనే క్రియనే వాడింది.

ఇందులోని కొండలను వ్యాఖ్యాతలు భిన్నంగా అర్థం చేసుకున్నారు. యాత్రికుణ్ణి భయపెట్టే దొంగల కనుమలని కొందరు, అన్యదేవతల ఉన్నతస్థలాలని కొందరు, సీయోను కొండ అని కొందరు అన్నారు. మైదానంలో చదివేవారికి ఇది వ్యాఖ్యానసమస్య మాత్రమే. ప్రతి కొండకూ ఒక పేరు, ఒక దేవత, ఒక కథ ఉన్న మన్యంలో మాత్రం ఇది ఇంటి ముందరి ప్రశ్న. కీర్తనకారుడు కొండను కూల్చమనడు, దూషించడు. కొండను చూస్తూనే, భూమ్యాకాశాలను చేసినవానిని తలుచుకుంటాడు. ఆ దేవుడు కునుకడన్న మాట మంచెమీద నిద్రకాచిన రైతుకు అనుభవంలోంచి అర్థమవుతుంది. అనువాదంలో ఉన్న పదం మన్యపు వృత్తిజీవితంలోనూ ఉండటం వల్లనే ఈ కీర్తన ఇక్కడ పరాయిదిగా మిగలలేదు. రాకపోకలలో కాపుదలను గురించిన చివరిచరణం ఘాట్‌రోడ్డు మలుపులు తెలిసినవారికి నిత్యప్రార్థనగా సరిపోతుంది.

కాపుదల, వైద్యం

అయితే ఈ భావనలో ఒక ప్రమాదమూ ఉంది. దేవుడే కాపాడతాడు గనుక వైద్యం అక్కరలేదనే ధోరణి తెలుగుదేశంలోని స్వస్థతా ప్రార్థనాసభల్లో అప్పుడప్పుడు తలెత్తుతుంది. రోడ్డులేని గూడెంనుంచి రోగిని డోలీలో మోసుకొని కొండదిగవలసిన మన్యంలో, ఒక పూట ఆలస్యం ఒక ప్రాణం ఖరీదు కావచ్చు.

దీనికి ప్రత్యుత్తరం బైబిలులోనే ఉంది. మత్తయి సువార్త నాల్గవ అధ్యాయంలో, దేవాలయశిఖరం మీదినుంచి దూకమని యేసును ప్రేరేపించిన శోధకుడు ఉదాహరించింది కాపుదలను గురించిన 91వ కీర్తననే. యేసు అందుకు ఒప్పుకోలేదు. దేవుణ్ణి పరీక్షించడం విశ్వాసం కాదని ఆయన సమాధానం. దానియేలు గ్రంథంలోని ముగ్గురు యువకులు దేవుడు తమను అగ్నిగుండంనుంచి తప్పించగలడని చెబుతూనే, తప్పించకపోయినా తాము మారబోమన్నారు. కాపుదలను ఫలితంతో కొలిచే లెక్కను ఈ రెండు ఘట్టాలూ తిరస్కరిస్తాయి.

తెలుగు ప్రాంతపు మిషన్ చరిత్రా ఈ అవగాహననే బలపరుస్తుంది. గుంటూరులో అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచారు. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠువ్యాధి ఆసుపత్రి వెలిసింది. ఖోండుల ప్రాంతమైన బిస్సంకటక్‌లో డేనిష్ వైద్యురాలు ఎలిజబెత్ మాడ్సన్ 1954లో క్రైస్తవ ఆసుపత్రికి పునాది వేశారు. వీరంతా ప్రార్థించేవారే. కానీ ప్రార్థనను మందుకు ప్రత్యామ్నాయంగా చూడలేదు. క్వినైను మాత్ర, దోమతెర, డోలీ మోసే నలుగురి భుజాలు కూడా కాపుదల అందే మార్గాలే అన్న అవగాహన వారి పనిలో కనిపిస్తుంది. వైద్యాన్ని కాదన్న విశ్వాసం పేరుకు క్రైస్తవమైనా, స్వరూపంలో దేవునితో బేరమాడే మొక్కుగానే మిగులుతుంది.

ఇంటి కాపు, ఊరి కాపు

కాపుదల భావనలో రెండవ చిక్కు సామాజికమైనది. గ్రామదేవత కాపు ఊరికంతటికీ చెందినది. పండుగకు ప్రతి ఇల్లూ తనవంతు ఇస్తుంది. ఒక ఇల్లు తప్పుకుంటే ఊరి కాపులో సందు పడిందని మిగతావారు భావించడం సహజం. క్రైస్తవ విశ్వాసం వ్యక్తితోనూ కుటుంబంతోనూ మొదలవుతుంది. ఈ రెండు భావనలూ ఒకే వీధిలో ఎదురుపడినపుడు ఘర్షణ వచ్చే అవకాశం ఉంది.

రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛను ఇచ్చింది. షెడ్యూల్డు కులాలకు సంబంధించిన 1950నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఉన్న మతనిబంధన షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో లేదు. అందువల్ల మతం మారిన గిరిజనుడు చట్టం దృష్టిలో గిరిజనుడే. ఈ స్థితిని మార్చాలన్న డిమాండూ దేశంలో వినిపిస్తోంది. చట్టం హోదాను కాపాడగలదు గానీ ఇరుగుపొరుగుల నమ్మకాన్ని కాపాడలేదు. అది ఊరివారు కలిసి నిలుపుకోవలసినది. 122వ కీర్తన తన నగరంలో నివసించే సహోదరుల క్షేమాన్ని కోరడం, యిర్మీయా 29వ అధ్యాయం చెరలో ఉన్నవారిని తాము నివసించే పట్టణక్షేమం కోసం ప్రార్థించమనడం ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినవి. తనకోసం మాత్రమే కోరే కాపుదల బైబిలు ప్రమాణంలోనూ అసంపూర్ణమే.

ముగింపు

హుకుంపేట మన్యపు నేపథ్యంలో కాపుదల భావనను పరిశీలించినపుడు మూడంశాలు తేలుతున్నాయి. మొదటిది, క్రైస్తవ విశ్వాసం ఇక్కడ నాటుకోవడానికి తోడ్పడిన పదం కొత్తగా తెచ్చినది కాదు. అది చేనునూ మందనూ కాచే జీవితంలోంచి వచ్చిన తెలుగుమాట. రెండవది, క్రాన్, డేగ్రాంజ్‌ల మరణం మొదలుకొని ఈ విశ్వాసం ఆపదలు లేని జీవితాన్ని వాగ్దానంగా పొందలేదు. ఆపదలో ఒంటరితనం లేకపోవడాన్నే అది కాపుదలగా గ్రహించింది. మూడవది, ఈ అర్థాన్ని మరచినపుడు రోగికి వైద్యం, ఊరికి ఐకమత్యం దూరమయ్యే ప్రమాదం ఉంది. మన్యపు సంఘాలలోని ప్రార్థనలు, సాక్ష్యాలు, మాతృభాషాగీతాలు సేకరించి ఈ కోణంలో పరిశీలిస్తే తెలుగు క్రైస్తవ సాహిత్యచరిత్రలో ఇంకా రాయవలసిన ఒక అధ్యాయం వెలుగుచూస్తుంది. మంచెమీద కాపున్నవాడు తెల్లవార్లూ మేలుకొని ఉన్నా అడవిపంది రాకుండా ఉండదు. వచ్చినపుడు చేను ఒంటరిగా ఉండదు. మన్యం తన జీవితంలోంచి 'కాపుదల' అనే మాటకు ఇచ్చిన అర్థం అదే.