నేపుల్సు గేయములందలి విప్రలంభము

ఇటలీదేశమున దక్షిణసముద్రతీరమందలి నేపుల్సునగరము పాటలకుఁ బ్రసిద్ధి కెక్కినది. ఆ పాటలు టస్కనీప్రాంతమునఁ బుట్టిన గ్రాంథికభాషలోఁ గాక, యా నగరపు వాడుకపలుకులలోనే వెలసినవి. గూల్యెల్మో కొత్రో (1797–1847) యనునతఁడు పారిసున జన్మించి, నేపుల్సునఁ బెరిగి, జనుల నోళ్లయందున్న పాటలను సేకరించి యచ్చువేయించెను. సెప్టెంబరునెలలో జరుగు పియెదిగ్రొత్తా యుత్సవము 19వ శతాబ్దిలోఁ గ్రొత్తపాటలకుఁ బరీక్షాస్థానమయ్యెను.

వీనిలోఁ బెక్కింటికి విప్రలంభమే ప్రాణము. సాహిత్యదర్పణకారుఁడగు విశ్వనాథుఁడు విప్రలంభమును బూర్వరాగ మాన ప్రవాస కరుణములని నాలుగువిధములుగా విభజించెను. ఈ విభాగము నేపుల్సుపాటల కెంతవఱకుఁ జెల్లునో విచారింపఁదగును.

కిటికీక్రింద నిలిచి ప్రియాదర్శనమును గోరు పాటలు పూర్వరాగమునకు లక్ష్యములు. 1899లో విన్సెంజో రుస్సో రచింపఁగా ఎదువార్దో ది కాపువా స్వరపఱచిన ‘మరీయా, మరీ’ యిట్టిది. రఫయేలె సాక్కో రచించిన ‘తె వోల్యొ బెనె అస్సాయె’ యందు నాయిక నాయకుని జూచినంతనే చిఱ్ఱుబుఱ్ఱులాడును, ఇది మానము. దీని స్వరములు దొనిజెత్తికృతములని ప్రతీతి యున్నను దానికిఁ దగిన ప్రమాణము కానరాదు. ‘ఫెనెస్త క లుచివె’ యందు వెలుఁగుచుండిన కిటికీ చీఁకటియై యుండును. ప్రియ మరణించినదని నాయకుఁ డెఱుంగును. మృతజనము మరల లభించునేని కరుణవిప్రలంభమని విశ్వనాథుని మతము. ఇం దట్టి యాశ లేదు. కావున నిది కరుణరసమే కాని విప్రలంభము కాదు.

ఇఁక ప్రవాసము. 1861లో నిటలీ యేకరాజ్యమైన పిదప దక్షిణప్రాంతపుఁ బేదజనులు లక్షలకొలఁదిగా నమెరికాఖండములకు వలసపోయిరి. 1911 నాఁటి ‘కోరె న్‌గ్రాతొ’ యను ప్రణయగీత మట్టి వలసవారి నడుమ నమెరికాలోనే పుట్టినది. 1919లో ఇ. ఎ. మారియో రచించిన ‘సాంతా లుచీయా లుంతానా’ యందు మార్పు స్పష్టము. ఓడలు దూరదేశములకుఁ బోవుచుండును. పాడువా రా నగరమునకు దూరమగుటకే వగతురు. మేఘసందేశమున నలకాపురవర్ణనము యక్షుని విరహమునకు దోహదము మాత్రమే, ఆలంబనము యక్షపత్ని. ఇందో, నగరమే యాలంబనము.

కాంత యాలంబనము కానిచో నా రతి భావమే కాని శృంగారము కాదని మమ్మటాదుల సిద్ధాంతము. ఆ న్యాయమున నీ పాట విప్రలంభమునఁ జేరదు. అయినను నిట్టూర్పు, నిద్రలేమి, తలపోఁత మున్నగు ప్రణయగీతముల సామగ్రి యంతయు వలసపాటలకు సంక్రమించినది. స్త్రీని గూర్చి పాడ నేర్చిన జాతి, యిల్లు విడువవలసివచ్చినప్పు డా మాటలతోనే యింటిని గూర్చి పాడెను. ప్రవాసము లేకున్న నీ పాటలు నేపుల్సువీథులు దాటి యింత దూరము వ్యాపించి యుండవేమో!