తిరుపతి బాటలో చక్రవేగపు సెన్సరు

చెన్నపట్టణమునుండి తిరువళ్ళూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరుల మీదుగా తిరుపతికి పోవు బాట తెలుగువారికి చిరపరిచితము. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. ఎల్లలు మారినను యాత్రికుల రాకపోకలు మానలేదు. వారి క్షేమమునకు తోడ్పడు చిన్న పరికరమొకదాని చరిత్రను ఇచట వివరింతుము.

బ్రేకు బలము హెచ్చిన చాలునని తొలుత తలచిరి. కాని తడిసిన బాటపై గట్టిగా త్రొక్కినచో చక్రము బిగిసిపోయి జారును. ముందుచక్రములు జారునపుడు స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు. లోపము బలమున లేదు. చక్రము స్థితి బ్రేకునకు తెలియకపోవుటయే లోపము.

ఈ చిక్కు మొదట విమానములకు తీరినది. 1950 దశకమున డన్‌లప్ వారి మాక్సారెట్ యంత్రము విమానచక్రములు బిగిసిపోకుండ కాచెను. 1966లో జెన్సెన్ ఎఫ్.ఎఫ్. కారునకు దానిని అమర్చిరి. 1978లో బాష్ వారి ఎలక్ట్రానిక్ ఏ.బి.ఎస్. మెర్సిడెస్ కారులో వచ్చినది. చక్రవేగపు సెన్సరే దానికి కన్ను.

చక్రముతోపాటు తిరుగు పళ్ళచక్రమొకటి, దానిచెంత అయస్కాంతము, తీగచుట్ట యుండును. ఒక్కొక్క పన్ను దాటినపుడెల్ల విద్యుత్స్పందన పుట్టును. స్పందనల లెక్కనుబట్టి వేగము తెలియును. ఒక చక్రము హఠాత్తుగా మందగించినచో కంప్యూటరు దాని బ్రేకును సడలించి మరల బిగించును. ఇది సెకనునకు పలుమార్లు జరుగును. 1995లో వచ్చిన ఇ.ఎస్.పి. పద్ధతి ఈ సెన్సర్ల వార్తనే మరికొన్ని కొలతలతో పోల్చి, మలుపులలో బండి అడ్డము తిరుగకుండ చక్రములకు వేరువేరుగా బ్రేకు వేయును.

మన సీమయు ఈ చరిత్రకు దూరము కాదు. 1962లో స్థాపితమైన సుందరం-క్లేటన్ సంస్థ నాటి చెంగల్పట్టు జిల్లాలోని పాడిలో లారీలకు, బస్సులకు వాయుబ్రేకులు చేసెను. 1998లో తిరువళ్ళూరుచెంత హిందుస్థాన్ మోటార్స్ వారు లాన్సరు కార్లు చేయ నారంభించిరి. మనదేశమున 2015లో పెద్ద లారీలకు, బస్సులకును, 2019 ఏప్రిల్ నాటికి కార్లకు, 125 సి.సి. మించిన క్రొత్త మోటారుసైకిళ్ళకును ఏ.బి.ఎస్. విధి యయ్యెను.

అయినను సెన్సరు సాక్షి మాత్రమే. బురద పట్టినను, తీగ తెగినను ఆ సాక్షి మూగవోవును. హెచ్చరిక దీపము వెలుగును. సాధారణపు బ్రేకు పనిచేయును గాని, చక్రము బిగిసిపోకుండ కాచు రక్షణ యుండదు. బండి మామూలుగనే నడచుచుండుటచే ఆ దీపమును పలువురు లెక్కింపరు. వాన పడిన మలుపున దాని విలువ తెలియును. కావున యాత్రలకు బస్సు కుదుర్చు మన సంఘములవారు బాడుగతోపాటు ఆ దీపమును గూర్చియు విచారించుట మేలు.