గన్‌షోల్లో తుపాకుల కొనుగోలు: నిరీక్షణ గడువు

అమెరికాలో తుపాకి కొన్నవారు దాన్ని చేతికి తీసుకునే ముందు చట్టప్రకారం ఆగాల్సిన కాలమే వెయిటింగ్ పీరియడ్, అంటే నిరీక్షణ గడువు. ఆవేశంలో ఉన్న మనిషి చల్లబడాలని, అతని పూర్వాపరాలు చూసేందుకు పోలీసులకు వ్యవధి దొరకాలని దీన్ని పెట్టారు. గన్‌షో మన వారాంతపు సంత లాంటిది. ఎగ్జిబిషన్ హాళ్లలో బల్లలు వేసి తుపాకులు, తూటాలు అమ్ముతారు. ఆదివారం సాయంత్రానికి అన్నీ సర్దేస్తారు. గడువు మాత్రం అప్పటికి తీరదు. చిక్కంతా అక్కడే మొదలైంది.

చేతితుపాకి అప్పగించడానికి ఒక రోజు ఆగాలని కాలిఫోర్నియా 1923లోనే చట్టం చేసింది. ఆ గడువు పెరుగుతూ 15 రోజుల దాకా వెళ్లి, 1997లో 10 రోజులకు దిగింది. అక్కడ ప్రైవేటు వ్యక్తుల అమ్మకాలు కూడా 1991 నుంచి లైసెన్సు ఉన్న డీలరు ద్వారానే సాగాలి. అందువల్ల షోలో బేరం కుదిరినా సరుకు చేతికొచ్చేది పది రోజుల తర్వాతే.

కేంద్ర చట్టం దారి వేరు. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ డీలరును తన దుకాణానికే కట్టేసింది. 1980లలో ఆ కట్టు సడలింది. సొంత రాష్ట్రంలోని గన్‌షోల్లో డీలర్లు అమ్ముకోవడాన్ని 1986లో చట్టబద్ధం చేశారు. తమ తుపాకులను అప్పుడప్పుడూ అమ్ముకునేవారికి లైసెన్సు అక్కర్లేదని కూడా ఆ చట్టమే తేల్చింది. 1981లో అధ్యక్షుడు రీగన్‌పై జరిగిన కాల్పుల్లో గాయపడిన జేమ్స్ బ్రేడీ పేరిట వచ్చిన చట్టం, 1994 ఫిబ్రవరి 28 నుంచి చేతితుపాకులకు 5 పనిదినాల గడువు పెట్టింది. అది డీలరుకు దుకాణంలోనూ షోలోనూ వర్తించింది. పక్క బల్ల దగ్గరి ప్రైవేటు అమ్మకందారుకు మాత్రం వర్తించలేదు. కనుక ఈ మినహాయింపుకు వాడే ‘గన్‌షో లొసుగు’ అన్న పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది. మినహాయింపు చోటుకు కాదు, అమ్మే మనిషికి. 1998 నవంబరు 30న కొనుగోలుదారు పూర్వాపరాల కంప్యూటర్ తనిఖీ వచ్చి ఆ 5 రోజుల గడువును తొలగించింది.

ఐదు నెలలు తిరక్కుండానే కొలరాడోలో కొలంబైన్ హైస్కూల్ కాల్పులు జరిగాయి. హంతకుల తుపాకుల్లో కొన్ని గన్‌షోలో, ఎలాంటి తనిఖీ లేకుండా కొన్నవి. షోల్లో ప్రతి అమ్మకానికీ తనిఖీ ఉండాలన్న సవరణ, ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఓటుతో సెనేట్‌లో 51-50 తేడాతో గట్టెక్కింది. ప్రతినిధుల సభలో వాదం గడియారం మీదికి మళ్లింది: తనిఖీకి మూడు పనిదినాలిస్తే షో ముగిసిపోతుందని, 24 గంటలు చాలని సభ్యుడు జాన్ డింగెల్ పట్టుబట్టారు. చివరికి బిల్లే వీగిపోయింది. కొలరాడో ఓటర్లు 2000లో షోల్లో తనిఖీని తప్పనిసరి చేశారు. అక్కడ మూడు రోజుల గడువు రావడానికి మాత్రం 2023 దాకా పట్టింది.

ఫ్లోరిడాది విచిత్రమైన ఏర్పాటు. ప్రజలకు ప్రవేశం ఉన్న చోట్ల జరిగే అమ్మకాలకు 3 నుంచి 5 రోజుల గడువు విధించే అధికారాన్ని 1998 రాష్ట్ర రాజ్యాంగ సవరణ కౌంటీలకిచ్చింది. దాంతో ఒకే రాష్ట్రంలో కౌంటీ సరిహద్దు దాటితే నియమం మారిపోవచ్చు. వెర్మాంట్ 2023లో 72 గంటల గడువు తెచ్చినా, గన్‌షోలకు 2024 జులై 1 వరకు మినహాయింపునిచ్చింది.

21 ఏళ్లు దాటిన కొనుగోలుదారులకు దేశమంతటా వర్తించే నిరీక్షణ గడువు కేంద్ర చట్టంలో నేటికీ లేదు.